టీవీ క్విజ్ తరగతి గదికి వస్తే.. వెనక బెంచీకీ వంతు రావాలి

తణుకు: రాత్రి భోజనాల వేళ. టీవీలో క్విజ్ షో నడుస్తోంది. హాట్ సీట్లో కూర్చున్న మనిషి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, ఇక్కడ ఇంట్లో మాత్రం అప్పుడే జవాబులు వచ్చేశాయి. దాదీమా ఒకటి అంటుంది, అబ్బా ఇంకొకటి అంటారు, ఎనిమిదో తరగతి చదివే పిల్లాడు లేచి నిలబడి 'ఆప్షన్ సి' అని అరుస్తాడు. తప్పయితే అందరూ నవ్వుకుంటారు, కరెక్టయితే చప్పట్లు కొడతారు.

తెల్లవారి అదే పిల్లాడు బడికి వెళ్తాడు. సార్ నిన్నటి పాఠంలో నుంచి ఒక ప్రశ్న అడుగుతారు. పిల్లాడు తల వంచుకుంటాడు. జవాబు తెలియక కాకపోవచ్చు. తప్పు చెబితే క్లాసంతా నవ్వుతుందని భయం. పైగా ముందు బెంచీలో నలుగురు ఎలాగూ చేతులెత్తేశారు.

ఈ రెండు సన్నివేశాల మధ్య తేడా ఎక్కడుంది? ఇంట్లో అది ఆట. బడిలో అది విచారణ. ఆ ఆటను బడిలోకి తేవచ్చని ప్రపంచంలో చాలామంది టీచర్లు కనిపెట్టారు. టీవీ గేమ్ షోల తీరును కొద్దిగా మార్చి, కొన్ని స్లైడ్ల మీద పెట్టి, పాఠాలు రివిజన్ చేయించడం ఇప్పుడు మామూలు సంగతే. కాకపోతే టీవీలో ఉన్నది ఉన్నట్టు దించేస్తే పిల్లలకు పెద్దగా ఒరిగేది ఉండదు. ఎక్కడ మార్చాలో తెలియాలి. ఆ మార్పులేమిటో తల్లిదండ్రులకూ తెలిస్తే, పరీక్షల నెలలో ఇంట్లోనూ అదే ఆట నడపొచ్చు.

ఎక్కడి ఆట, ఎలా వచ్చింది?

మన దేశంలో క్విజ్ అనేది ముందు నుంచీ బడి, కాలేజీ వాసన ఉన్న ఆటే. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' నడిపారు. అందులో కాలేజీ జట్లు పోటీ పడేవి. 1990లలో డెరెక్ ఓబ్రయన్ 'బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్'తో స్కూలు పిల్లలు టీవీలో కనిపించారు. ఆ రోజుల్లో ఇంగ్లీష్ బాగా వచ్చిన పట్నం పిల్లల ఆటలాగే అనిపించేది.

ఆ గీత చెరిగింది 2000 జులైలో. బ్రిటన్‌లో 1998లో మొదలైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనేర్' షోను అమితాబ్ బచ్చన్ వ్యాఖ్యాతగా 'కౌన్ బనేగా కరోడ్‌పతి' పేరుతో హిందీలోకి తెచ్చారు. నాలుగు ఆప్షన్లు, పెరుగుతూ పోయే మొత్తం, మూడు లైఫ్‌లైన్లు. తెలుగులో అదే షో 2014లో నాగార్జునతో 'మీలో ఎవరు కోటీశ్వరుడు'గా మా టీవీలో వచ్చింది. 2017లో ఆ కుర్చీలో చిరంజీవి కూర్చున్నారు. 2021లో జెమినీ టీవీలో ఎన్టీఆర్ 'ఎవరు మీలో కోటీశ్వరులు' నడిపారు. ఇంగ్లీష్ రాని అమ్మీలు, నానీలు కూడా 'ఫిఫ్టీ-ఫిఫ్టీ', 'లైఫ్‌లైన్', 'లాక్ చేయండి' అని మాట్లాడుకునేలా చేసింది ఈ షోనే. అందుకే టీచర్ కొత్తగా రూల్స్ నేర్పక్కర్లేదు. పిల్లలకు ఆట ముందే తెలుసు. సగం పని టీవీయే చేసి పెట్టింది.

అమెరికా బడుల్లో ఎక్కువగా వాడే నమూనా వేరు. అది 1964లో మొదలైన 'జెపర్డీ' షో. బోర్డు మీద ఆరు విషయాలు, ఒక్కో విషయం కింద ఐదు గడులు ఉంటాయి. గడి కిందికి పోయేకొద్దీ ప్రశ్న కష్టం, పాయింట్లు ఎక్కువ. ఈ గడుల బోర్డును పవర్‌పాయింట్ స్లైడ్‌గా చేసి రివిజన్‌కి వాడటం అక్కడ టీచర్లకు ఎప్పటి నుంచో అలవాటు. మన బడులకు కూడా ఇదే బాగా సరిపోతుంది. కారణం కింద చూడొచ్చు.

ఆట సరే, చదువు వస్తుందా?

తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. 'పరీక్షలు దగ్గరికొచ్చాయి, ఇప్పుడు ఆటలేంటి?' అని. ఈ అనుమానంలో న్యాయం ఉంది. జవాబు కూడా ఉంది.

అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చి చదివించారు. తర్వాత ఒకసారి అదే పాఠం మళ్ళీ చదవమన్నారు. ఇంకోసారి పాఠం మూసేసి, గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, మళ్ళీ చదివిన పద్ధతే ముందుంది. 81 శాతానికి 75 శాతం. కానీ వారం తర్వాత పరీక్ష పెడితే లెక్క తిరగబడింది. మళ్ళీ చదివిన పద్ధతిలో 42 శాతం గుర్తుంటే, పుస్తకం మూసి గుర్తు చేసుకున్న పద్ధతిలో 56 శాతం గుర్తుంది.

దీని అర్థం చాలా సులభం. పుస్తకం ముందు పెట్టుకుని పది సార్లు చదివితే 'నాకు వచ్చేసింది' అనిపిస్తుంది. ఆ అనిపించడం మోసం. పుస్తకం మూసి, బుర్రలో నుంచి బయటికి లాగినప్పుడే విషయం పాతుకుంటుంది. బావిలో నీళ్ళు ఉన్నాయని చూసి వస్తే సరిపోదు, చేద వేసి తోడాలి. క్విజ్ చేసే పని ఆ తోడటమే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఎవరు తోడితే వాళ్ళకే లాభం. పక్కవాడు జవాబు చెబుతుంటే విన్న పిల్లాడికి ఆ లాభం రాదు. టీవీ షోకీ తరగతి ఆటకీ తేడా సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

టీవీ లెక్క వేరు, బడి లెక్క వేరు

టీవీ షో చూసేవాళ్ళ కోసం తయారైంది. ఒక్కరు కూర్చుంటారు, లక్షల మంది చూస్తారు. తప్పు చెబితే ఇంటికి పంపేస్తారు. 'ఫాస్టెస్ట్ ఫింగర్'లో ఎవరు ముందు నొక్కితే వాళ్ళదే అవకాశం. ఉత్కంఠ కోసం ఇవన్నీ కావాలి.

ఇప్పుడు ఇదే పద్ధతిని 40 మంది ఉన్న క్లాసులో పెట్టి చూద్దాం. ఒక పిల్లను ముందుకు పిలిచి హాట్ సీట్లో కూర్చోబెట్టి 15 ప్రశ్నలు అడిగారు. పీరియడ్ అయిపోయింది. ఆ పిల్ల 15 సార్లు ఆలోచించింది. మిగిలిన 39 మంది చూశారు, నవ్వారు, చప్పట్లు కొట్టారు. క్లాసంతటికీ కలిపి వచ్చిన జవాబులు 15.

అదే 15 ప్రశ్నలకు 40 మందీ పలక మీదో, రఫ్ నోట్‌బుక్ మీదో జవాబు రాసి ఎత్తి చూపిస్తే? వచ్చే జవాబులు 600. ప్రశ్నలు అవే, సమయం కొంచెమే ఎక్కువ, స్లైడ్లు కూడా అవే. ఒక్క రూల్ మారింది, అంతే.

అందుకే గేమ్ షోను బడికి తెచ్చేటప్పుడు మూడు మార్పులు తప్పనిసరి.

మొదటిది, ఎవరూ అవుట్ కాకూడదు. తప్పు చెప్పిన పిల్లకే ఆ ఆట ఎక్కువ అవసరం. ఆ పిల్లనే పక్కన కూర్చోబెడితే రివిజన్ ఎవరి కోసం?

రెండోది, వేగానికి పాయింట్లు ఇవ్వకూడదు. ముందు చెయ్యి ఎత్తినవాళ్ళకే అవకాశమంటే ప్రతిసారీ ఆ నలుగురే మాట్లాడతారు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్లో రికార్డింగులు విని గమనించిన సంగతి ఒకటుంది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగేసరికి పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడని పిల్లలు కూడా నోరు తెరిచారు. కాబట్టి స్లైడ్ మీద ప్రశ్న రాగానే అందరూ నిశ్శబ్దంగా పది సెకన్లు. తర్వాతే పలకలు పైకి.

మూడోది, తప్పు జవాబు దగ్గర ఆగాలి. టీవీలో తప్పయితే విచారంగా సంగీతం వస్తుంది, కథ ముగుస్తుంది. క్లాసులో అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. నాలుగు ఆప్షన్ల ప్రశ్నల్లో ఒక ప్రమాదం కూడా ఉందని పరిశోధకులు గమనించారు. తప్పు ఆప్షన్ ఎంచుకున్న పిల్లకు సరైన జవాబు చెప్పకుండా వదిలేస్తే, ఆ తప్పే నిజమని గుర్తుండిపోవచ్చు. వెంటనే సరిదిద్దితే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. అందుకని ప్రతి ప్రశ్న స్లైడ్ తర్వాత 'ఎందుకు' అని చెప్పే జవాబు స్లైడ్ ఒకటి ఉండి తీరాలి.

లైఫ్‌లైన్లను ఏం చేయాలి?

పిల్లలకు లైఫ్‌లైన్లంటే సరదా. వాటిని తీసేయక్కర్లేదు, పనికొచ్చేలా మార్చుకోవచ్చు.

'ఆడియన్స్ పోల్' అన్నిటికన్నా విలువైనది. హార్వర్డ్ యూనివర్సిటీలో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990లలో తన క్లాసులో ఇలాంటిదే మొదలుపెట్టారు. ప్రశ్న అడిగి అందరి చేత జవాబు ఎంపిక చేయిస్తారు. తర్వాత పక్కవాళ్ళతో రెండు నిమిషాలు వాదించుకోమంటారు. మళ్ళీ ఎంపిక చేయిస్తారు. రెండోసారి సరైన జవాబులు పెరుగుతాయి. కారణం, నిన్ననే అర్థమైన పిల్లాడికి పక్కవాడి ఇబ్బంది ఏమిటో టీచర్ కన్నా బాగా తెలుసు. పలకలు ఎత్తాక క్లాసు రెండుగా చీలితే జవాబు చెప్పేయకుండా 'పక్కవాళ్ళతో మాట్లాడుకోండి, మళ్ళీ రాయండి' అంటే చాలు.

'ఫోన్ ఎ ఫ్రెండ్' అంటే వేరే జట్టులో ఒకరిని అడగడం. సాయం చేసిన జట్టుకీ పాయింటు వస్తుంది. 'ఫిఫ్టీ-ఫిఫ్టీ'లో టీచర్ రెండు ఆప్షన్లు తీసేయడం కాకుండా, పిల్లలే 'ఈ రెండూ ఎందుకు కావో' చెప్పి తీసేయాలి. నాలుగోది కొత్తగా పెట్టుకోవచ్చు. 'పుస్తకం': ముప్పై సెకన్లు పాఠం తెరిచి వెతుక్కోవచ్చు. ఎక్కడ వెతకాలో తెలియడం కూడా చదువే కదా.

ఒక జాగ్రత్త. జెపర్డీలో 'డైలీ డబుల్' అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఆటగాడు తన దగ్గరున్న మొత్తంలో ఎంత పందెం కాస్తాడో ముందే చెప్పాలి. ఓడితే కాసిన పందెం పోతుంది. పిల్లల ఆటలో ఈ పందెం పద్ధతి చాలా కుటుంబాలకు నచ్చదు. పాయింట్లే అయినా జూదం అలవాటు అనిపిస్తుంది. ఆ గడిని తీసేసి, 'ఈ ప్రశ్నకు పాయింట్లు రెట్టింపు' అంటే సరదా ఉంటుంది, పందెం ఉండదు. బహుమతి కూడా పెన్నో, మరుసటి రోజు ఆట నడిపే అవకాశమో అయితే చాలు.

స్లైడ్లు చేసే పద్ధతి

దీనికి కంప్యూటర్ కోర్సు అక్కర్లేదు. పవర్‌పాయింట్ ఉంటే సరే, లేకపోతే ఉచితంగా దొరికే గూగుల్ స్లైడ్స్, లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్ కూడా ఇదే పని చేస్తాయి.

మొదటి స్లైడ్‌లో ఒక టేబుల్ పెట్టాలి. పై వరుసలో నాలుగు లేదా ఐదు విషయాలు. ఉదాహరణకు భిన్నాలు, కాంతి, నదులు, వ్యాకరణం. కింద 10, 20, 30, 40 అని పాయింట్లు. నాలుగు విషయాలకు 16 ప్రశ్నలు. ఒక పీరియడ్‌కి ఇంతకన్నా ఎక్కువ పట్టవు.

తర్వాత ఒక్కో ప్రశ్నకు ఒక స్లైడ్, దాని వెనకే జవాబు స్లైడ్. ఇప్పుడు మొదటి స్లైడ్‌లో ఒక అంకెను సెలెక్ట్ చేసి, 'ఇన్సర్ట్'లో 'లింక్' నొక్కి, 'ప్లేస్ ఇన్ దిస్ డాక్యుమెంట్'లో ఆ ప్రశ్న స్లైడ్‌ను ఎంచుకోవాలి. ప్రశ్న స్లైడ్ మీద 'జవాబు' అని ఒక బటన్, జవాబు స్లైడ్ మీద 'బోర్డు' అని ఇంకో బటన్ పెట్టి వాటికీ ఇలాగే లింకు ఇవ్వాలి.

లింకును గడికి కాకుండా అంకె అక్షరానికే ఇస్తే ఒక సౌకర్యం ఉంది. షో నడుస్తున్నప్పుడు ఒకసారి నొక్కిన లింకు రంగు మారుతుంది. ఏ ప్రశ్నలు అయిపోయాయో అందరికీ కనిపిస్తుంది. ఫైల్ మూసి మళ్ళీ తెరిస్తే పాత రంగు వచ్చేస్తుంది, ఇంకో సెక్షన్‌కి వాడుకోవచ్చు.

చాలామంది ఇబ్బంది పడేది ఇంకో చోట. చెయ్యి పొరపాటున ఖాళీ జాగాలో తగిలితే తర్వాతి స్లైడ్ వచ్చి జవాబు బయటపడుతుంది. 'ట్రాన్సిషన్స్'లో 'ఆన్ మౌస్ క్లిక్' దగ్గరున్న టిక్కు అన్ని స్లైడ్లకూ తీసేస్తే ఈ గొడవ ఉండదు. బటన్ నొక్కితేనే స్లైడ్ కదులుతుంది.

అక్షరాల సంగతి ముఖ్యం. తెలుగు డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లలో టైప్ చేసిన ప్రశ్నలు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంకాని గుర్తులుగా వస్తాయి. యూనికోడ్‌లో టైప్ చేస్తే ఎక్కడైనా కనిపిస్తుంది. ఫోన్‌లో వాట్సాప్‌కి వాడే తెలుగు కీబోర్డు యూనికోడే. ఉర్దూలో ప్రశ్నలు పెడితే టెక్స్ట్ డైరెక్షన్‌ను కుడి నుంచి ఎడమకు మార్చాలి, లేకపోతే వాక్యం చివర చుక్క, ప్రశ్న గుర్తు తప్పు వైపుకు పోతాయి. నస్తలీఖ్‌లో గీతలు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య జాగా ఎక్కువ ఇవ్వాలి. ఒక స్లైడ్ మీద ఒకే ప్రశ్న ఉండాలి. చివరి బెంచీ నుంచి కనిపించేంత పెద్ద అక్షరాలు ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకం కింద 2023 నుంచి ప్రభుత్వ హైస్కూళ్ళ తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్ళు, ప్రాథమిక బడుల్లో స్మార్ట్ టీవీలు పెట్టడం మొదలైంది. వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర ఉన్న చోట ఈ ఆట ఇంకా బాగుంటుంది. ఇంట్లో చేసిన ఫైల్ ఆ తెర మీద ఎలా కనిపిస్తుందో క్లాసుకు ముందే ఒకసారి నడిపి చూడాలి. తెర లేదా? కరెంటు పోయిందా? పాత క్యాలెండర్ వెనక వైపు గడులు గీసి, ఒక్కో గడి మీద చీటీ అంటిస్తే అదే ఆట. స్లైడ్ అంటే బోర్డే. ఆట నడిపేది రూల్స్.

కహూట్, వేగ్రౌండ్ (పాత పేరు క్విజిజ్) లాంటి ఆన్‌లైన్ క్విజ్‌లు కూడా ఉన్నాయి. క్విజిజ్ బెంగళూరులో పుట్టిందే. మామూలుగా అయితే వాటికి పిల్లల చేతుల్లో ఫోనో, ట్యాబో, నెట్టో కావాలి. ఒక్క తెర, నలభై పలకలు ఉన్న క్లాసుకు స్లైడ్లే నయం.

మంచి ప్రశ్న ఎలా ఉంటుంది?

స్లైడ్లకు రంగులు వేయడానికి గంట పెట్టి, ప్రశ్నలకు పది నిమిషాలు పెడితే ఆట తేలిపోతుంది. ముఖ్యంగా తప్పు ఆప్షన్లు ఆలోచించి రాయాలి. తణుకు, ఏలూరు, తాడేపల్లిగూడెం పిల్లలకు తెలిసిన కొల్లేరునే తీసుకుందాం.

కొల్లేరు నీళ్ళు సముద్రంలోకి ఏ దారిన పోతాయి? ఎ) తమ్మిలేరు. బి) బుడమేరు. సి) ఉప్పుటేరు. డి) గోస్తనీ.

జవాబు ఉప్పుటేరు. తమ్మిలేరు, బుడమేరు కొల్లేరులోకి నీళ్ళు తెచ్చేవి. తమ్మిలేరు అని రాసిన పిల్లకు కొల్లేరు గురించి ఏమీ తెలియదని కాదు. నీళ్ళు వచ్చే దారిని, పోయే దారిని కలగలిపింది. ఒక్క బొమ్మ గీసి చూపిస్తే సరిపోతుంది. గోస్తనీ అని రాసిన తణుకు పిల్లాడు తన ఊరి నది పేరు చూసి టిక్కు పెట్టేశాడు, అంటే ఊహించాడు. ఏ జవాబు ఎంతమంది రాశారో చూస్తే, క్లాసుకు మళ్ళీ ఏం చెప్పాలో టీచర్‌కి ఆ పది సెకన్లలోనే తెలిసిపోతుంది.

లెక్కల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సగం, మూడో వంతు కలిపితే ఎంత? ఆప్షన్లు: 2/5, 5/6, 1/6, 1/5. సరైనది 5/6. 2/5 రాసిన పిల్ల పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడింది. 1/6 రాసినవాడు కూడిక బదులు గుణించాడు. 1/5 రాసిన పిల్ల కింది అంకెలు మాత్రమే కూడింది. తప్పు ఆప్షన్ ఒక్కొక్కటీ ఒక్కో రోగం పేరు చెబుతుంది. ఊరికే 7, 100, 3/8 అని పెడితే ఏమీ చెప్పదు.

కష్టం పెంచడం కూడా ఇలాగే. పది పాయింట్ల ప్రశ్న: కొల్లేరు ఏ రెండు నదుల డెల్టాల మధ్య ఉంది? కృష్ణా, గోదావరి. ఇరవై: 2002లో కొల్లేరుకు దక్కిన అంతర్జాతీయ గుర్తింపు పేరేమిటి? రామ్‌సర్ చిత్తడి నేల. నలభై పాయింట్లకు ఆప్షన్లు ఉండవు: చెరువుల గట్లు వేసి సరస్సును ముక్కలు చేస్తే వరద వచ్చినప్పుడు ఏమవుతుంది, ఎందుకు? దీనికి జట్టంతా కలిసి రెండు వాక్యాలు రాయాలి. పరీక్షలో వచ్చేవి ఇలాంటి ప్రశ్నలే.

మూడు భాషల ఇల్లు

ఇక్కడ ముస్లిం కుటుంబాలకు ప్రత్యేకంగా పట్టే సంగతి ఒకటి ఉంది. చాలా ఇళ్ళల్లో పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీష్ మీడియం. 'ఫోటోసింథసిస్' అని అడిగితే నోరు మెదపని పిల్ల, 'ఆకు ఎండలో తిండి ఎలా తయారు చేసుకుంటుంది?' అంటే టకటకా చెబుతుంది. విషయం తెలుసు, మాట తెలియదు. మౌనంగా ఉన్న ఆ పిల్లకు చదువు రాదని క్లాసు తీర్మానించేస్తుంది. మెల్లమెల్లగా ఆ పిల్ల కూడా అదే నమ్ముతుంది.

ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉంటోంది. స్లైడ్లు కూడా అలాగే చేయాలి. ప్రశ్న రెండు భాషల్లో ఉండాలి. 'మాటల గడి' అని ఒక వరుస పెట్టి, ఇంగ్లీష్ మాట ఇస్తే తెలుగులోనో ఉర్దూలోనో వివరించమనాలి, వివరణ ఇస్తే ఇంగ్లీష్ మాట రాయమనాలి. పలక మీద రాసేది ఏ భాషైనా సరే, అర్థం సరిగ్గా ఉంటే పాయింటు ఇవ్వాలి. పరీక్షలో రాయాల్సిన మాట జవాబు స్లైడ్ మీద ఎలాగూ కనిపిస్తుంది.

ఇంట్లో దాదీమా క్విజ్ మాస్టర్

'మేం చదువుకోలేదు, పిల్లలకు ఏం నేర్పుతాం?' అని చాలామంది తల్లులు అంటుంటారు. ఈ ఆట నడపడానికి పాఠం రానక్కర్లేదు.

పాత పెళ్ళి శుభలేఖలు అట్టగా ఉంటాయి. వాటిని కత్తిరించి, ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు పిల్లాడి చేతే రాయించాలి. రాయడమే ఒక రివిజన్. రోజూ మగ్‌రిబ్ తర్వాత పది నిమిషాలు అమ్మీ ఒక్కో కార్డు తీస్తుంది. పిల్లాడు ప్రశ్న చదివి, జవాబు పైకి చెప్పి, కార్డు తిప్పుతాడు. కరెక్టయితే కార్డు కుడి పక్కకు, తప్పయితే ఎడమ పక్కకు. ఎడమ పక్కవి రేపు మళ్ళీ వస్తాయి, కుడి పక్కవి మూడు రోజుల తర్వాత వస్తాయి. చదవడం రాని దాదీమా కూడా 'అది ఎందుకు బేటా? నాకు అర్థమయ్యేలా చెప్పు' అని అడగొచ్చు. అన్నిటికన్నా కష్టమైన నలభై పాయింట్ల ప్రశ్న నిజానికి అదే.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పోటీ పడితే పెద్దవాళ్ళకు పెద్ద ప్రశ్నలు, చిన్నవాళ్ళకు చిన్న ప్రశ్నలు ఉండాలి. 'చూడు, చెల్లి చెప్పేసింది' అన్న మాట ఒక్కటి అంటే చాలు, రేపు ఆ పిల్లాడు ఆటకు రాడు. పోలిక ఎప్పుడూ నిన్నటి తనతోనే: నిన్న ఎడమ పక్క పన్నెండు కార్డులు, ఇవాళ ఏడు.

చివరిగా ఒక హద్దు. ఆట పాఠానికి బదులు కాదు. పాఠం ఒకసారి బాగా చెప్పాక, వారంలో ఒకటి రెండు సార్లు ఆడితేనే ఆటకు రుచి. రోజూ పెడితే విసుగు. క్లాసులో ఆట అయ్యాక చివరి ఐదు నిమిషాలు 'ఇవాళ నేను తప్పు రాసిన రెండు ప్రశ్నలు' అని ప్రతి ఒక్కరూ నోట్‌బుక్‌లో సరైన జవాబుతో రాసుకోవాలి. మరుసటి వారం బోర్డు మీద ముందుగా రావాల్సినవి అవే.

ఆట బాగా నడిచిందా లేదా అన్నది ఏ జట్టు గెలిచిందో చూస్తే తెలియదు. చివరి బెంచీలో, గోడ పక్కన కూర్చునే పిల్ల ఆ రోజు ఎన్నిసార్లు పలక ఎత్తిందో చూస్తే తెలుస్తుంది. పదహారు ప్రశ్నలకు పదహారు సార్లు ఎత్తి, అందులో ఆరు తప్పయినా సరే, ఆ పిల్ల ఆ రోజు పదహారు సార్లు ఆలోచించింది. సాయంత్రం ఇంటికి వచ్చాక అమ్మీ అడగాల్సింది 'ఎన్ని పాయింట్లు వచ్చాయి?' అని కాదు. 'ఏ ప్రశ్న కష్టంగా ఉంది? నాకూ చెప్పు' అని.